బొగ్గు కాకాకు ఎండ అమ్మబోతే

ఇంటి మీదనే కరెంటు పుట్టించుకోవచ్చు అంటే జనం నా మొహమూ, ఆకాశమూ మార్చి మార్చి చూసే కాలమది. హుస్నాబాద్‌లో మా బాపుది ఇనుప సామాన్ల దుకాణం. గిరాకీ మెట్లెక్కే తీరు చూసి కొనేవాడో, ధర కనుక్కుని పోయేవాడో చెప్పగల ఇంట్లో పుట్టాను కాబట్టి అమ్మకం నా రక్తంలోనే ఉందని నా నమ్మకం. (రక్తపరీక్ష ఎవరూ చేయలేదు.) ఆ గర్వంతోనే దుకాణంలో కూచోనని మొండికేసి, కరీంనగర్‌లో సోలార్ పలకలు అమ్మే కొలువులో చేరాను. "పో బిడ్డా, పో. వాపసొస్తే మాత్రం తక్కెట్ల మొలలు జోకుడు నీదే," అన్నాడు బాపు. రెండు నెలలైనా ఒక్క ఇల్లూ కుదరలేదు. శనివారంలోపు ఒక్కటైనా కుదరకపోతే ఇక రావద్దన్నాడు మేనేజరు. అంటే మొలలే.

నా దగ్గరున్న ఆయుధమల్లా ఒక రంగుల కాగితం. ధనిక దేశాలు ఏళ్లు గడిచేకొద్దీ కరెంటును దేనితో తీస్తున్నాయో చూపే బొమ్మ. అడుగున నల్లటి బొగ్గు పట్టీ, పోనుపోను సన్నబడుతూ. దాని మీద బూడిద రంగు గ్యాసు, బలుస్తూ. ఆపైన అణువిద్యుత్తు, నీళ్ల కరెంటు, పెద్దగా కదలకుండా. అన్నిటికంటే పైన గాలీ ఎండా, ఈమధ్యనే ఒళ్లు చేస్తూ. నాకది అచ్చం బట్టల దుకాణం అలమారలా కనిపించేది.

వస్తానని ముందురోజే ఫోన్‌లో చెప్పి, శుక్రవారం గోదావరిఖనిలో ఒక ఇంటికి పోయాను. ముప్ఫై ఏళ్లు బొగ్గుబాయిలో దిగి రిటైరైన పెద్దమనిషి. కాకా అని వరస కలిపి, (వరస కలిస్తే బేరం సగమైనట్టే) మంచం మీద కాగితం పరిచాను.

"సూడు కాకా, పెద్ద పెద్ద దేశాలల్ల బొగ్గు పాత సరుకైపోయింది. మూలకు పడేస్తున్నరు."

అన్నాక గానీ గోడ మీది ఫొటో కనపడలేదు: నెత్తిన లైటు టోపీ, మొహమంతా మసి, నవ్వుతున్న కాకా. ఎదురుగా ఉన్న కాకా మాత్రం నవ్వడం లేదు. బూడిద పట్టీని వేలితో పొడిచాడు.

"గిదేంది?"

"గ్యాసు, కాకా."

"అంటే బొగ్గు ఇడిసి గ్యాసు పట్టుకున్నరు. నువ్వు అమ్మేది గా పైన సన్నటిది."

"సన్నటిదే, కని పెరుగుతుంది గద!"

"పెరగనియ్యి. నల్లది అన్నిటికింద ఎందుకున్నది?"

"ఊకెనే... గట్ల గీసిండ్రు."

"బాయిల కొన్ని బొగ్గు దిమ్మెలు తవ్వకుండ ఇడువకపోతే నెత్తిమీది కప్పు ఆగది పిలగా. నువ్వు మూలకు పడేసినదాని మీదనే గవన్ని నిలబడ్డయి."

ఇక బజారు ఆఖరి అస్త్రం తీశాను: లేచి వెళ్లిపోవడం. నాలుగడుగులు వేయగానే వెనక్కి పిలుపు వస్తుంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే. చెప్పులు నెమ్మదిగా తొడుక్కున్నాను. పిలుపు లేదు. గేటు దాటాను. లేదు. బండి దగ్గర అప్పుడు వెలిగింది బుర్రలో: లేచి వెళ్లిపోయే హక్కు కొనేవాడిది! కొనేవాడేమో తన ఇంట్లో, తన మంచం మీద హాయిగా కూచున్నాడు. ఏం చేయాలో తోచక బండి స్టార్టు కానట్టు కిక్కు కొడుతూ నిలబడ్డాను.

కాకా భార్య బయటికి వచ్చింది. "తాళం తిప్పకుండ కొడితే ఏడ చాలయితది బిడ్డా? రా, చాయ్ తాగు." ఆపైన గొంతు తగ్గించింది. "మీ కాకా నిన్నటిసంది మిద్దెక్కి తాడుతోని కొలుస్తుండు. పలకలు ఏడ పెట్టాలె, నీడ ఏడ పడ్తది అని. నువ్వచ్చి బొగ్గును తిట్టి చెడగొట్టుకున్నవ్."

నోరు తెరవకముందే అమ్ముడైన సరుకును నోరు తెరిచి వాపసు తెచ్చుకున్నానన్నమాట. లోపలికి పోయి తలవంచుకుని నిలబడ్డాను. "తప్పయింది కాకా. రేపటిలోపట ఒక్క ఇల్లు కుదరకుంటే నా కొలువు పోతది." (బేరంలో ఉన్నమాట చెప్పడం అదే మొదలు.)

"గీ ముక్క ముందుగాల చెప్పద్దా? పెట్టిస్త. కని మా ఖనిల మసి పడ్తది. నెలకోసారి నువ్వే అచ్చి పలకలు కడుగాలె. వేరే మనిషిని తోలుడు లేదు."

బేరమాడబోయి, ఆమె చూపు చూసి, చాయ్ తాగేశాను.

రెండేళ్లు కడిగాను. కింద నిలబడి కాకా వాడకట్టంతా వినేలా, "గా మూలకు జర గట్టిగ రుద్దు!" అని కేకలేసేవాడు. ఆ కేకలకు బయటికొచ్చి చూసిన వాళ్లలో ఇంకో నలుగురు కుదిరారు.

ఇప్పుడు కొత్తగా చేరిన పిల్లలకు అమ్మకం నేర్పేది నేనే. "సార్, మీ మొదటి ఇల్లు ఎట్ల కుదిరింది?" అని అడుగుతుంటారు. గొంతు సవరించుకుని, కాకా తాడూ నా బండి తాళమూ తప్ప అన్నీ ఒక గంట చెబుతాను. పాపం, రాసుకుంటారు కూడా.