నేను ఎత్తని పాట

మా రెండో అమ్మాయి ధవళేశ్వరం దగ్గర ఒక బడిలో ఇంగ్లీషు చెబుతుంది. పోయిన వారం ఏదో శిక్షణకు వెళ్ళి, అరచేతిలో పట్టేంత స్పీకరు పెట్టె ఒకటీ, రంగురంగుల పుస్తకం ఒకటీ తెచ్చి నా ముందు పెట్టి, ఇకమీదట పిల్లలకు పాటలతో ఇంగ్లీషు నేర్పాలట నాన్నగారూ, కొత్త పద్ధతి, అని మురిసిపోయింది. కొత్త పద్ధతి అన్న మాట వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగాయని సామెత. ఇక్కడ ఆరు నెలలు కాదు, నా ఉద్యోగం మొత్తం గడిచిపోయింది. పాపం దాని తప్పేముంది, తాగుతున్న కాఫీ అక్కడే వదిలేసి వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను.

నా మొదటి ఉద్యోగం మొగల్తూరు అవతల, సముద్రం ఒడ్డునున్న ఒక ఊరి బడిలో. భీమవరం పక్కన వరిచేల మధ్య, పదిమంది పాలేళ్ళున్న ఇంట్లో పెరిగినవాణ్ణి, ఇస్త్రీ చొక్కా నలగకుండా బస్సు దిగి, ఇసుకలో చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తూ చేరాను. పిల్లలందరూ వేటకు వెళ్ళేవాళ్ళ పిల్లలే. నేను పాఠం చదువుతుంటే వాళ్ళు కిటికీలోంచి పడవలు లెక్కపెట్టుకునేవారు. ఇక ఒడ్డు మీద నుంచి లాగే అలివి వల వేసిన రోజున సగం తరగతి అక్కడే ఉండేది. ఒకరోజు కోపం పట్టలేక వాళ్ళను వెతుక్కుంటూ వెళితే, రెండు వరసల జనం తాళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నారు, ముందున్న పెద్దాయన ఒక మాట పాటగా ఎత్తగానే, వెనకున్నవాళ్ళంతా బదులు అందుకుని ఒక్క లాగు లాగుతున్నారు. ఎత్తినవాడి పాట పూర్తి కాకుండా నోరు తెరవడం అక్కడ పెద్ద తప్పు, ఎందుకంటే ఒకడు ముందు లాగితే తాడు జారి అందరి అరచేతులూ ఒలిచేస్తుంది. మర్నాడు బడిలో ఆ వరసలోనే నేను ఇంగ్లీషు ఎత్తాను. పడవ ఎక్కడుంది అని నేను ఇంగ్లీషులో పాడితే, పడవ నీటి మీద ఉందని అంతా ఇంగ్లీషులోనే పాడారు. వల ఎవరిది, చేప ఎంత పెద్దది, గాలి ఎటు వీస్తోంది, అన్నీ అలాగే వచ్చేశాయి. నెల తిరిగేసరికి గోడ అవతల ఆడుకునే చిన్నపిల్లలకు కూడా బదుళ్ళు నోటికొచ్చాయి.

హెడ్మాస్టరు గారికి ఇదంతా తలనొప్పి. బడిని భజన మందిరం చేశావయ్యా అని రోజూ సణుగుడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టు, ఇటు పిల్లలకూ అటు ఆయనకూ మధ్య నలిగి, నేను తలుపులేసుకుని పాడించేవాణ్ణి.

ఆ వల దగ్గర పాట ఎత్తే పెద్దాయన మనవరాలు నా తరగతిలోనే ఉండేది. ఒకసారి వింటే చాలు, ఇక మరిచిపోయేది కాదు. ఆ యేడు మా బడి నుంచి ఒక్కరికి గురుకులంలో సీటు ఇస్తామని, తనిఖీకి వచ్చే అధికారి పిల్లల్ని ప్రశ్నలడిగి నిర్ణయిస్తారని కబురొచ్చింది. ఇద్దరి పేర్లు పంపించాము, అందులో ఒకటి ఆ పిల్లది. తాత స్వయంగా బడికి వచ్చి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నాతో అన్నాడు.

"సీటొస్తే సదివిస్తానండి మేస్టారూ. రాకపోతే చేపల గంప ఎత్తుకుంటాదండి."

అధికారి వచ్చే ముందురోజు హెడ్మాస్టరు గారు నన్ను పిలిచి, రేపు పాట వినబడితే ఊరుకోనని గట్టిగా చెప్పారు. మర్నాడు అధికారి గారు ఆ పిల్లను లేపి, పుస్తకం చదివినట్టు చప్పగా, పడవ ఎక్కడుందని ఇంగ్లీషులో అడిగారు. నిద్రలో లేపి అడిగినా చెప్పగల ప్రశ్న అది. కానీ ఎవరూ పాట ఎత్తలేదు కదా. వల దగ్గర పుట్టి పెరిగిన పిల్ల, ఎత్తకుండా ఎలా అందుకుంటుంది? పెదవులు సిద్ధంగా పెట్టుకుని నా వంక చూసింది. నేనొక్క ముక్క పాడితే చాలు. హెడ్మాస్టరు గారి భయం అని ఇన్నాళ్ళూ అందరికీ చెప్పుకున్నాను గానీ, అసలు సంగతి అది కాదు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న కామందు గారబ్బాయి, పెద్ద అధికారి ఎదుట వల లాగే పాట పాడడమా అని నాకు సిగ్గేసింది. నేల చూపులు చూశాను. ఆయన మూడుసార్లు అడిగి, కూర్చోమని, రెండో పిల్లవాడి పేరు రాసుకున్నారు. మరుసటి నెల నుంచి ఆ అమ్మాయి బడికి రాలేదు. మరుసటి యేడు నేను బదిలీ పెట్టుకుని వెళ్ళిపోయాను, మళ్ళీ ఏ బడిలోనూ పాట జోలికి పోలేదు.

ఆ మధ్య నరసాపురంలో పెళ్ళికి వెళ్ళి, చేపల బజారులో పండుగొప్ప బేరమాడుతుంటే, కత్తిపీట ముందు కూర్చున్న నెరిసిన జుట్టు ఆవిడ తలెత్తి చూసి, మేస్టారండీ, అంది. నేను పోల్చుకునే లోపు తనే చెప్పింది, వల దగ్గర పాట ఎత్తే పెద్దాయన మనవరాలినని, తాత ఎప్పుడో పోయాడని, ఇప్పుడు తనకే మనవలున్నారని. చేప పొలుసు గీస్తూనే, మొహంలో ఏ నిష్ఠూరమూ లేకుండా అంది.

"ఆ రోజు మీరు ఎత్తుంటే నేను అందుకుందునండి."

అక్కడే, ఆ బజారులో, పాట ఎత్తాలని గొంతు దాకా వచ్చింది. చుట్టూ పదిమంది ఉన్నారు, పక్కన మా వియ్యంకుడు గారున్నారు. ఇంత వయసొచ్చినా నాకు మళ్ళీ సిగ్గే అడ్డొచ్చింది. సంచీ పుచ్చుకుని వచ్చేశాను, ఆ పూట తిన్న చేప రుచి కూడా తెలియలేదు.

నిన్న మా అమ్మాయి ఆ పెట్టె మోగించి చూపించింది. ప్రశ్న అదే పాడుతుంది, బదులూ అదే పాడుతుంది, ఎవరి కోసమూ ఆగదు. మా రోజుల్లో తాడు పొడుగునా మనుషులుండేవారు, వాళ్ళ కోసం ఆగేవాళ్ళం అని చెప్పబోయి మానుకున్నాను. పెట్టె నయం, ఏ అధికారి ముందు పెట్టినా సిగ్గుపడకుండా పాడుతుంది. ఆ రోజు నా దగ్గర లేనిది ఆ కాస్తే. దొడ్లో ఎవరూ లేని వేళ చూసి, పడవ ఎక్కడుందని ఇంగ్లీషులో నెమ్మదిగా ఎత్తి, బదులు కోసం కాసేపు ఆగాను.