కామాటిపురలో నెత్తిన బిందె

మా బడి హెడ్మాస్టరు గారు రిటైరవుతూ ఇన్‌చార్జి బాధ్యత నన్ను తీసుకోమన్నారు. పదిహేనేళ్ళ సర్వీసు ఉంది, పాఠం బాగా చెబుతానని పేరుంది. కానీ నాకో జబ్బుంది. అందరికీ కోపం ముక్కు మీద ఉంటే నాకు ఏడుపు ఉంటుంది. ఎదుటివాళ్ళు గొంతు పెంచారంటే చాలు, తల దానంతట అదే నేలకు వాలిపోతుంది, కళ్ళు నిండిపోతాయి, చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోతుంది. మొన్న టైంటేబుల్ గురించి ఒక సారు గట్టిగా అడిగితే పిల్లల ముందే ఏడ్చేశాను. ఇంక నేనేం బడి నడుపుతాను? "నావల్ల కాదు" అని ఉత్తరం రాసి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. సోమవారం ఇచ్చేయాలి. ఆ వారంలోనే బొంబాయి నుంచి మా మేనత్త చెన్నమ్మ ఫోన్ చేసింది. "మా చాల్ బిల్డింగు కూలగొడ్తరంట బిడ్డా, సూస్తే ఇప్పుడే సూడు!" అని అరిచింది. మా అత్త ఫోన్లో కూడా అరిచే మాట్లాడుతుంది. చిన్నప్పుడు ఆమె పాలమూరు వస్తే నేను బియ్యం బస్తాల వెనక దాక్కునేదాన్ని. అయినా సరే, బయల్దేరాను. ఆ ఉత్తరం ఇచ్చేలోపు ఎక్కడికైనా పారిపోవాలనిపించింది, అంతే.

శుక్రవారం మధ్యాహ్నం హైదరాబాదులో రైలెక్కితే శనివారం తెల్లవారేసరికి సీఎస్ఎంటీలో దిగాను. స్లీపర్ టికెట్ ఐదు వందల లోపే. స్టేషన్ బయట నలుపు పసుపు టాక్సీ దొరుకుతుంది, నాగ్‌పాడా మీదుగా పావుగంట దారి, మీటరు మీద వంద రూపాయల దాకా అవుతుంది. కామాటిపుర అనగానే డ్రైవరు అద్దంలోంచి నన్ను ఎగాదిగా చూశాడు. "ఉధర్ క్యా కామ్ హై, మేడమ్?" అన్నాడు, అక్కడ మీకేం పని అని. రెడ్‌లైట్ ఏరియాగా ఆ పేటకున్న పేరు మీకూ తెలుసు కదా. మన పాలమూరు కూలీలు తరాల నుంచి అక్కడ కాపురాలు చేస్తున్నారని చెప్పొచ్చు. మా అత్త ఇల్లని చెప్పొచ్చు. నేనేం చేశాను? తల వంచుకుని చీర కుచ్చిళ్ళు చూసుకుంటూ కూర్చున్నాను. ఫాక్‌లాండ్ రోడ్డు మలుపులో దిగేదాకా తల ఎత్తితే ఒట్టు.

అత్త వాళ్ళ చాల్‌కు మూడంతస్తులు, అంతస్తుకు వరసగా ఒంటిగది కాపురాలు, అందరికీ కింద ఒకటే నల్లా. నేను వెళ్ళేసరికి నీళ్ళు వచ్చే వేళ. అత్తకు మోకాళ్ళ నొప్పులు కదా, సాయం చేద్దామని బకెట్ తీసుకుని దిగాను. వరసలో ఒకచోట ఖాళీ కనిపిస్తే పెట్టేశాను. అక్కడొక రాయి ఉంది. ఆ రాయి అత్త పక్క గది శాంతాబాయి వంతుకు గుర్తని నాకేం తెలుసు?

"ఏ బాయీ! రాయి కనవడ్తలేదా? నంబర్ నాది!" అని ఆమె పైమెట్టు మీద నుంచే కేకేసింది. అదే, మీరనుకున్నదే జరిగింది. తల వాలింది, కళ్ళ నీళ్ళు టపటపా బకెట్లో పడ్డాయి. వరసంతా బిందెలు వదిలేసి నన్నే చూసింది. నా పరువు అక్కడే గంగలో కలిసింది.

అత్త నన్ను పైకి తీసుకెళ్ళి చాయ్ ఇచ్చింది, జొన్నరొట్టె పెట్టింది. "గింతదానికి ఏడుస్తరా? బడిల పిల్లల్ని ఎట్ల సూస్తున్నవే?" అంది. ఇంక ఆగలేకపోయాను. ఉత్తరం సంగతంతా చెప్పేశాను. ఆమె పాత చీర ముక్కను గుండ్రంగా చుట్టి నా నెత్తి మీద పెట్టింది. చుట్టబట్ట. దాని మీద సగం నీళ్ళతో స్టీలు బిందె.

"నిలవడు" అంది. నిలబడ్డాను. వెనక్కి పోయి ఒక్క కేక పెట్టింది. "మంజులా!"

చటుక్కున తల తిప్పానా, మెడ మీద నుంచి వీపు దాకా నీళ్ళే. అత్త పకపకా నవ్వింది.

"తల కాదే పోరీ, పాదాలు తిప్పు. మనిషి మొత్తం తిరగాలె. అప్పుడు మాట్లాడు."

పెళ్ళై వచ్చిన మూడో రోజు నుంచి బిల్డింగుల మీద కాంక్రీటు తట్టలు మోసిందట మా అత్త. ఆరో అంతస్తులో రెండు పలకల మీద నడుస్తుంటే కింద నుంచి మేస్త్రి బూతులు తిట్టేవాడు. "తల వంచితే తట్టల మాలు వాని మీద పడ్తది, నేను మాలు మీద పడ్త. అందుకే సక్కగ నిలవడి, మెల్లగ తిరిగి, ఏం గావాలె అని అడిగేది."

"ఏడుపు రాలేదా అత్తా?"

"రాకేం! కిందికి దిగి, తట్ట దించి, సంబురంగ ఏడ్సేదాన్ని."

నాలుగుసార్లు తడిశాను. ఐదోసారి బిందె కదల్లేదు. చీర మార్చుకుని తల తుడుచుకుంటుంటే గుమ్మంలోంచి "ఏ మేడమ్!" అని శాంతాబాయి గొంతు. తల వాలబోయింది. ఆపుకున్నాను. పాదాలు తిప్పి, మొత్తం తిరిగి, "ఏం కావాలి?" అన్నాను. గొంతు వణికిందనుకోండి, కానీ మాట బయటికొచ్చింది. ఆమె చేతిలో చేపల కూర గిన్నె ఉంది. "కోపం గాదమ్మా, నల్లా పావుగంటనే వస్తది, అరవకుంటే ఎవరు ఇంటరు?" అంది. ఆ కూరతో మధ్యాహ్నం నేను తిన్న అన్నం లెక్క చెప్పను.

సాయంత్రం ఏడింటికి గల్లీ చివర టాక్సీ ఆగింది. సంచి లోపల పెట్టి ఒక కాలు ఎత్తానో లేదో, వెనక నుంచి పిడుగులాంటి గొంతు. "మంజులా! ఒక్క పూటకేనానే వచ్చేది? ఇదేమన్న సత్రమా? మల్ల రాకు, పో!"

బియ్యం బస్తాలు గుర్తొచ్చాయి. ఎత్తిన కాలు దించాను. పాదాలు తిప్పి, మనిషి మొత్తం తిరిగాను. మెట్ల దగ్గర గోడ పట్టుకుని నిలబడి మా అత్త ఇంకా తిడుతూనే ఉంది. ఆమె చెంపల మీద నుంచి కన్నీళ్ళు ధారగా కారుతున్నాయి. పరుగెత్తి వెళ్ళి పట్టుకున్నాను. టాక్సీ అతను హారన్ కొడుతున్నా వదల్లేదు.

నలభై ఏళ్ళుగా ఆ గొంతు వింటున్నాను. అరిచేటప్పుడు ఆమె ముఖం ఎలా ఉంటుందో మాత్రం ఎప్పుడూ చూడలేదు, అప్పటికే నా చూపు నేల మీద ఉండేది కాబట్టి. ఇంకెంతమందిని అలా చూడకుండా భయపడ్డానో తలుచుకుంటే నా మీద నాకే జాలేసింది. ఉత్తరం రైల్లోనే చింపేశాను. బడి బాధ్యత తీసుకుని మూడు వారాలైంది. నిన్న ఒక పిల్లాడి తండ్రి ఆఫీసు గదిలోకి వచ్చి బల్ల గుద్దాడు. మెల్లగా లేచి, పూర్తిగా అతనివైపు తిరిగి, ఏం కావాలని అడిగాను. ఏడుపు ఇప్పటికీ వస్తోంది. ఇంటికెళ్ళి ఏడుస్తున్నాను.

మీరూ అటు వెళ్ళి మనవాళ్ళ ఇళ్ళల్లో ఒక పూట గడిపితే ఒక్క మాట గుర్తుంచుకోండి. తిరుగు రైలుకు అరగంట ఎక్కువే చేతిలో ఉంచుకుని బయల్దేరండి. టాక్సీ ఎక్కబోతుంటే వెనక నుంచి ఎవరో ఒకరు గట్టిగా తిడతారు. వెనక్కి తిరిగి వెళ్ళడానికి ఆ అరగంట కావాలి.