ఎర్ర సేజ్ కొమ్మలు

గని కూలిపోయి ఫిదెన్సియో చనిపోయాక ఆయన భార్య హెర్మెలిందా ఏడవలేదు. పొద్దున్నే లేచి, గుమ్మం పక్క డబ్బాల్లో ఆయన నాటిన ఎర్రపూల సేజ్ మొక్కలకు అంట్లు కడిగిన నీళ్లు పోసేది. ఆ ఏడు వానలు ముఖం చాటేసినా అవి విరగబూశాయి. తేనెపిట్టలు ముసిరేవి.

"నీకు జడుపు పట్టింది వదినా. నీ ప్రాణం ఆ గని దగ్గరే ఉండిపోయింది," అంది పక్కింటి తోమాసా.

మా ఊళ్లో జడుపుకి పూసిన సేజ్ కొమ్మలే మందు. తోమాసా ఏ పనీ సగం చెయ్యదు. కొమ్మలన్నీ మొదలంటా కోసి, కట్టగట్టి, ఆమెను తల నుంచి పాదాల దాకా ఊడ్చింది.

"హెర్మెలిందా, వచ్చెయ్! అక్కడే ఉండిపోకు!" అని ప్రాణాన్ని కేకేసి పిలిచింది. "ఇప్పుడెలా ఉంది?"

"ఏముంది, ఒళ్లంతా ఆకులు. మొక్కలకు మాత్రం గుండు కొట్టావు."

మర్నాడు పొద్దున ఒక తేనెపిట్ట వచ్చింది. నిన్న పూలున్న చోటల్లా గాలిలో ఆగి, ముక్కు చాచి, వెళ్లిపోయి, మళ్లీ వచ్చింది.

"లేవని కనబడ్డం లేదూ? పో!" అని కసిరింది హెర్మెలిందా.

లోపలికి వెళ్లి మొక్కజొన్న రొట్టెలు కాల్చింది. ఎప్పటిలాగే రెండు కంచాల్లో వడ్డించింది.