ఒక బర్త్ సర్టిఫికెట్ కోసం ఈస్ట్ డర్హామ్ దాకా

ఈ ప్రయాణం నా తప్పు వల్ల మొదలైంది. న్యూయార్క్ రాష్ట్రంలో క్యాట్‌స్కిల్ కొండల దగ్గర ఈస్ట్ డర్హామ్ అనే చిన్న ఊరు ఉంది. ఒకప్పుడు నగరంలో పనిచేసే ఐరిష్ కుటుంబాలు వేసవి సెలవులకు అక్కడి బోర్డింగ్ ఇళ్ళకు, అంటే గదీ భోజనమూ ఇచ్చే ఇళ్ళకు, వెళ్ళేవి. ఇప్పటికీ ఆ ఊళ్ళో ఐరిష్ వాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ ఊరికి వెళ్ళాలని నేనెప్పుడూ అనుకోలేదు. వెళ్ళక తప్పని రోజు వచ్చింది. వెళ్ళివచ్చాక, ఆ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళకు పనికొస్తుందని రాస్తున్నాను. ఏ రోజు సంగతి ఆ రోజు పుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటు కనుక టైములు నమ్మొచ్చు.

న్యూజెర్సీలోని ప్లెయిన్స్‌బరోలో మా కింది ఫ్లాట్‌లో శ్రీకాంత్ కుటుంబం ఉంటుంది. శ్రీకాంత్‌ది గుంటూరు. భార్య క్యాథ్లీన్ ఇక్కడే పుట్టిన ఐరిష్ ఆవిడ, ఆసుపత్రిలో నర్సు. వాళ్ళ కూతురు లీలకు పదహారేళ్ళు. సాకర్‌లో గోల్‌కీపర్. మొన్న చలికాలంలో ఆమె ఆట చూసిన ఒక కోచ్, ఐర్లాండ్ జూనియర్ అమ్మాయిల జట్టు కోసం ఇక్కడే పెట్టే క్యాంపుకు రమ్మన్నాడు. ఒక దేశానికి ఆడాలంటే అక్కడే పుట్టి ఉండనక్కరలేదట. అమ్మానాన్నల్లో గానీ, తాతా అమ్మమ్మల్లో గానీ ఒకరు అక్కడ పుట్టినా చాలు. లీల అమ్మమ్మ నోరా పుట్టింది ఐర్లాండ్‌లోని మేయో కౌంటీలో. పాస్‌పోర్ట్ సంగతి తర్వాత. ముందు అమ్మమ్మ బర్త్ సర్టిఫికెట్ అసలు కాపీ చూపించాలి.

ఆ కాగితం మడతల దగ్గర చిరిగిపోతోంది. శ్రీకాంత్ దాన్ని తెచ్చి, "ప్రసాద్ అన్నా, ఇది కాస్త లామినేషన్ చేసి పెట్టవా, నలిగిపోతే మా ఆవిడ నన్ను నలిపేస్తుంది," అన్నాడు. నా దగ్గర చిన్న మెషిన్ ఉంది. నేను పదో తరగతితో చదువు ఆపి, మోటార్లూ వైరింగూ చూసి చూసి నేర్చుకున్నవాణ్ణి. ఆ పదో తరగతి సర్టిఫికెట్‌ను ట్రంకుపెట్టెలో చెదలు తినేశాయి. నకలు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినప్పటి నుంచి, విలువైన కాగితం కనిపిస్తే ప్లాస్టిక్ తొడిగేదాకా నాకు నిద్ర పట్టదు. మా అపార్ట్‌మెంట్లలో సగంమంది పిల్లల సర్టిఫికెట్లు నా చేతి మీదుగా వెళ్ళినవే. ఒక్క బుడగ కూడా రాకుండా చేసిచ్చాను.

శుక్రవారం సాయంత్రం క్యాంపు చూసే ఆవిడ దాన్ని వెనక్కి ఇచ్చేసింది. లామినేషన్ చేస్తే కాగితం వెనకవైపు, దాని మీది ముద్ర తడిమి చూడలేరు కనుక అసలు కాపీగా తీసుకోరట. సోమవారం సాయంత్రంలోగా సరైనది తేకపోతే లీల స్థానం ఇంకో అమ్మాయికి వెళ్తుంది. ఐర్లాండ్ నుంచి కొత్త కాపీ తెప్పించాలంటే వారాలు పడుతుంది. క్యాథ్లీన్ నన్ను ఒక్క మాట అనలేదు. అమ్మమ్మ దగ్గర ఇంకో కాపీ ఉందేమో వెళ్ళి చూడాలని అనుకున్నారు గానీ, ఆ వారాంతం ఆమెకు రెండు పన్నెండు గంటల షిఫ్టులు, శ్రీకాంత్‌కు ఆఫీస్‌లో సాఫ్ట్‌వేర్ రిలీజ్. అమ్మమ్మకు ఫోన్‌లో మాట సరిగా వినిపించదు. నేను తీసుకెళ్తానన్నాను.

శనివారం ఉదయం 6:10కి బయల్దేరాం. దారి సులువే. న్యూజెర్సీ టర్న్‌పైక్ ఎక్కి, గార్డెన్ స్టేట్ పార్క్‌వే మీదుగా ఉత్తరానికి వెళ్తే అదే న్యూయార్క్ త్రూవేలో కలుస్తుంది. అక్కడి నుంచి ఎగ్జిట్ 21 దాకా నేరుగా పోవడమే. ఆ తర్వాత రూట్ 23, దాని మీద నుంచి రూట్ 145. మొత్తం నూట డెబ్భై మైళ్ళ లోపే. రానూపోనూ టోల్ ముప్పై డాలర్లు దాటలేదు. నా పాత కారుకు ఒక ట్యాంకు పెట్రోల్ సరిపోయింది. ఏడు దాటాక బయల్దేరితే పార్క్‌వే మీద ఆగి ఆగి వెళ్ళాల్సి వస్తుంది.

త్రూవే ఎక్కాం. లీల ఇయర్‌ఫోన్స్ తీసేసింది.

"అంకుల్, మీరు గిల్టీ ఫీల్ అవుతున్నారు అని నాన్న చెప్పాడు."

"అవునమ్మా."

"నేను కూడా ఫస్ట్ మ్యాచ్‌లో సిక్స్ గోల్స్ వదిలాను. కోచ్ అన్నాడు, నెక్స్ట్ బాల్ చూడు అని."

కాసేపటికి నేనే అడిగాను, ఇక్కడి జట్టుకు ఆడొచ్చు కదా అని. "ట్రై చేశాను. నాకంటే మంచి కీపర్స్ చాలా ఉన్నారు. ఇండియాకి ఆడాలంటే ఈ పాస్‌పోర్ట్ వదలాలి. అమ్మమ్మ వాళ్ళ ఊరు ఒక్కటే నాకు మిగిలింది," అంది. తాతయ్య టామ్ కూడా ఐర్లాండ్‌లోనే పుట్టాడని అప్పుడే చెప్పింది. ఆయన కాగితాలన్నీ ఒక ఇనప్పెట్టెలో ఉన్నాయట. ఆయన పోయి మూడేళ్ళయినా అమ్మమ్మ దాన్ని తెరవలేదు. "దాని గురించి అడగొద్దు అని అమ్మ నాకు ప్రామిస్ చేయించింది. మీరు కూడా అడగొద్దు, ఓకే?" అంది. సరేనన్నాను.

9:20కి ఈస్ట్ డర్హామ్ చేరాం. రోడ్డుకు అటూ ఇటూ ఆకుపచ్చ రంగు బోర్డులు, ఐర్లాండ్ చిహ్నమైన మూడాకుల గుర్తులు, సీజన్ ఇంకా మొదలవక మూసి ఉన్న బోర్డింగ్ ఇళ్ళు. నోరా పదింటికి గానీ తలుపు తీయదని లీల చెప్పడంతో ఒక చిన్న హోటల్లో ఆగాం. వంట చేసేది, వడ్డించేది ఒకడే, తెల్లగడ్డం పెద్దాయన. నేను మాంసం తిననంటే బీన్స్, టమాటా, బంగాళాదుంపలు, సోడా బ్రెడ్ పెట్టాడు. బోర్డు మీద ధర మనిషికి పద్నాలుగు డాలర్లు. శాకాహారులకు ఈ ఊళ్ళో ఇదే మంచి టిఫిన్. కారప్పొడి మాత్రం వెంట తెచ్చుకోండి.

"మీది ఏ కౌంటీ?" అని అడిగాడు.

"మిడిల్‌సెక్స్," అన్నాను నేను, న్యూజెర్సీలో మా కౌంటీ పేరు.

లీల నవ్వింది. "ఐర్లాండ్‌లో ఏ కౌంటీ అని అడుగుతున్నాడు, అంకుల్. ఇక్కడ అందరూ ఫస్ట్ అదే అడుగుతారు." ఆయన వైపు తిరిగి, "మా అమ్మమ్మది మేయో, తాతయ్యది లీట్రిమ్. మా నాన్నది గుంటూరు," అంది.

పెద్దాయన గరిటె పట్టుకుని ఆలోచించాడు. "గుంటూరు... అది డోనెగల్ కౌంటీ దాటాకా?"

"ఇంకొంచెం కిందకి," అంది లీల.

"గోల్‌కీపర్‌వి నువ్వేనా? మీ అమ్మమ్మ చర్చిలో అందరికీ చెప్పింది," అని, ఇంకో రెండు బ్రెడ్ ముక్కలు కట్టి ఇచ్చాడు. టిఫిన్‌కు కూడా డబ్బు తీసుకోలేదు. ఊరంతటికీ తెలిసిన సంగతిని నేను పాడు చేశానని అప్పుడు ఇంకా బరువుగా అనిపించింది.

నోరాకు ఎనభై దాటాయి. ఒకప్పుడు అక్కడి బోర్డింగ్ ఇంట్లో వంటమనిషిగా పనిచేసింది. ఆమె మాట్లాడింది ఇంగ్లిష్‌లో, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి టీ పోసింది. నేను లామినేషన్ చేసిన సర్టిఫికెట్ బల్ల మీద పెట్టి, చేసింది నేనేనని చెప్పాను. దారంతా అనుకున్న మాటల్లో ఆ ఒక్కటే బయటికొచ్చింది.

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి, గోటితో టకటకా కొట్టి చూసింది. "అరవై ఏళ్ళు నేను దీన్ని బిస్కెట్ డబ్బాలో దాచాను. మీరు రెయిన్‌కోటు తొడిగారు. క్యాథ్లీన్ ఏమంది?"

"ఏమీ అనలేదండీ."

"అయితే బాగా కోపం వచ్చిందన్నమాట."

ఇంకో కాపీ ఉందా అని లీల అడిగింది. "ఇంకోటి ఎందుకే? నేను ఒక్కసారే పుట్టాను," అంది నోరా. లీల తలూపింది. సోమవారం గడువు సంగతి చెప్పి, ఫరవాలేదు అమ్మమ్మా అని, కారులోంచి బంతి తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. గ్యారేజీ గోడకు బంతి తగిలే చప్పుడు, ఆగి, మళ్ళీ చప్పుడు. తను విసిరి తనే పట్టుకుంటోంది.

నోరా టీ తాగకుండా ఆ చప్పుడు వింటోంది. కప్పు పక్కకు జరిపి, "టామ్ కూడా అక్కడే పుట్టాడు," అంది. ఆమె చూపు గోడ బీరువా మీదకు వెళ్ళింది. అక్కడ ఆకుపచ్చ రంగు పోయిన చిన్న ఇనప్పెట్టె ఉంది. నేను నా కప్పులోకి చూస్తూ కూర్చున్నాను.

"మీకు తెలుసు కదా, మిస్టర్ ప్రసాద్. ఆ పిల్ల చెప్పే ఉంటుంది. మరి అడగరేం?"

"అడగనని లీలకు మాటిచ్చాను. మాటివ్వకపోయినా నాకు మొహం చెల్లదు. ఒక కాగితం ఇప్పటికే పాడు చేశాను."

ఆమె కుర్చీ జరుపుకుని లేచింది. పెట్టె దించడానికి మాత్రం నన్ను రమ్మంది. తాళంచెవి ఆమె మెడలోని గొలుసుకే ఉంది, శిలువ పక్కన. తాళం తుప్పు పట్టి చెవి తిరగలేదు. కారులో నూనె డబ్బా ఉంటుంది నాకు. రెండు చుక్కలు వేసి, పదినిమిషాలు ఆగి, చెవిని మెల్లగా ఇటూ అటూ ఆడిస్తే తాళం వదిలింది. అక్కడితో నా పని అయిపోయింది. మూత తీయవలసింది ఆమె. నేను వెళ్ళి లీలను పిలుచుకొచ్చాను.

పైనే ఆయన కళ్ళజోడు ఉంది. కింద కవర్లు. నోరా తన కళ్ళజోడు కోసం బల్ల మీద తడిమి, దొరకక, ఆయనది తీసి పెట్టుకుంది. ఒక్కో కాగితం విప్పి చూస్తూ, "ఇప్పుడు కూడా ఈ అద్దాలు తుడవలేదు, మహానుభావుడు," అంది. లీల ఆమె భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. నాలుగో కవరులో దొరికింది. లీట్రిమ్ కౌంటీ, టామ్ తండ్రి పేరు, తల్లి పేరు, ముద్ర. మడత మీద కూడా చెక్కుచెదరలేదు.

"తీసుకో. బంతి కంటే గట్టిగా పట్టుకో," అంది మనవరాలితో. నా వైపు తిరిగి, "మీరు దీన్ని కళ్ళతో చూడండి చాలు," అంది. ముగ్గురం నవ్వాం. శుక్రవారం తర్వాత నేను నవ్వడం అదే మొదలు.

బయల్దేరేటప్పుడు లామినేషన్ చేసిన సర్టిఫికెట్ తిరిగి ఇవ్వబోతే, అది తనకే ఉండనివ్వమంది. పొయ్యి పక్కన గోడకు ఆనించింది. ఇక ఆవిరి తగిలినా ఫరవాలేదు కదా అంది. పెట్టెకు మళ్ళీ తాళం వేయలేదు. టామ్ కళ్ళజోడు ఆమె మెడలో గొలుసుకు వేలాడుతోంది.

1:40కి అక్కడి నుంచి కదిలి, మధ్యలో త్రూవే మీద ఒకసారి కాఫీకి ఆగి, ఐదింటికల్లా ఇంటికి చేరాం. దారంతా లీల ఆ కవరును ఒళ్ళో పెట్టుకుని రెండు చేతులూ దాని మీద ఉంచింది. వెనక సీట్లో పెట్టమంటే వినలేదు. సోమవారం సాయంత్రం గ్రౌండ్‌లో ఆ ఆవిడ కాగితం వెనక్కి తిప్పి, ముద్ర వేలితో తడిమి, క్యాథ్లీన్ బర్త్ సర్టిఫికెట్‌లో తండ్రి పేరుతో పోల్చి చూసి, లీల పేరు ఎదురుగా టిక్కు పెట్టింది. జట్టులో చోటు దొరుకుతుందో లేదో ఆట చెబుతుంది. నా వల్ల మూసుకున్న తలుపు మాత్రం తెరుచుకుంది.

నేను ఊళ్ళు చూడడానికి పెద్దగా తిరిగినవాణ్ణి కాను. ఈ ఒక్క రోజులో ఎంతమంది నన్ను మన్నించారో ఆ రోజు పేజీలో రాసుకుంటూ పోతే పేజీ చాలలేదు. ఒక్క మాట అనని క్యాథ్లీన్, టిఫిన్‌కు డబ్బు తీసుకోని పెద్దాయన, నెక్స్ట్ బాల్ చూడమన్న పిల్ల. మూడేళ్ళుగా తెరవని పెట్టెను ఒక పరాయివాడి తప్పు కోసం తెరిచిన నోరా. నోరా నన్ను మళ్ళీ రమ్మంది, ఈసారి నేను చెప్పిన కారప్పొడి తెచ్చి రుచి చూపించమని. పోయిన వారం లీల తన టీమ్ ఫోటో ఒకటి తెచ్చి, "దీనికి చేయొచ్చు, అంకుల్," అంది. చేసిచ్చాను, అంచులు చూసి తీసుకెళ్ళింది.

మీకు చెప్పదలచిన సలహా ఒక్కటే. బర్త్ సర్టిఫికెట్, పెళ్ళి సర్టిఫికెట్ లాంటివి ఎంత పాతవైనా, ఎంత చిరిగినా లామినేషన్ చేయకండి. ఒక పక్క తెరిచి ఉండే మామూలు ప్లాస్టిక్ కవరులో పెట్టండి, ఎవరైనా అడిగితే బయటికి తీసి చేతికి ఇవ్వగలిగేలా.