వదిన వేయించుకున్న గరిటె

మా మనవరాలు అన్నం తినేటప్పుడు సెల్‌ఫోన్‌ని మంచినీళ్ళ గ్లాసుకి ఆనించి పెట్టుకుంటుంది. అందులో ముక్కూ మొహం తెలియని ఆడపిల్లలెవరో పొద్దున లేచింది మొదలు తామేమేం తిన్నదీ చూపిస్తూ ఉంటారు, ఇదేమో ఒక కన్ను ఆ ఫోను మీద, ఒక కన్ను తన కంచం మీద వేసి ముద్దముద్దకీ బేరీజు వేసుకుంటుంది. పోయినేడాది తిండి మానేసి ఆసుపత్రిదాకా వెళ్ళి, ఇప్పుడిప్పుడే కోలుకుంటున్న పిల్ల. మొన్న ఆదివారం దువ్వాడలో మా ఫ్లాటుకి వచ్చినప్పుడు దగ్గర కూర్చుని వడ్డిస్తుంటే, ఫోన్లో ఉన్న అమ్మాయిని చూపించి, నాకంటే ఆవిడే ఎక్కువ తింటోంది కదా అమ్మమ్మా అని అడిగింది. అవునని చెప్పేశాను. ఆ అడగడంలో ఉన్న ఆశ ఎలాంటిదో నాకు తెలుసు, దాన్నే ఊతగా పట్టుకుని నేనొకప్పుడు బతికి బట్టకట్టాను, దానికి మా వదిన ఏమైపోయిందో మాత్రం ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. నా ఈడువాళ్ళు చదివితే చదువుతారన్న ధైర్యంతో ఇప్పుడు చెబుతున్నాను.

మా నాన్నగారు గోదావరి జిల్లా నుంచి పోర్టు ఉద్యోగానికి వచ్చి ఈ ఊళ్ళో పాతుకుపోయిన మనిషి. పోర్టు క్వార్టర్లో ఉండేవాళ్ళం, తెల్లచీర ఉతికి తాడు మీద ఆరేస్తే ఖనిజం ధూళి పడి సాయంత్రానికి కాషాయమైపోయేది, అయినా గోదావరి నీళ్ళు తాగి వచ్చినవాళ్ళమని మా అమ్మకి ఒక పిసరు గర్వం ఉండేది, ఆ పిసరు నాకు మరో రెండు పిసర్లు కలిపి సంక్రమించింది. అన్నయ్యకి స్టీలుప్లాంటులో ఉద్యోగం దొరికాక, విజయనగరం అవతల ఒక రైతు కుటుంబం నుంచి వదినని తెచ్చారు. నాకంటే ఏడాదే పెద్దది. పొద్దున్నే చద్దన్నంలో పెరుగు పోసుకుని, పచ్చి ఉల్లిపాయ కొరుక్కుంటూ, ఎవరేమనుకుంటారోనన్న బెరుకు లేకుండా తినేది, తిన్నాక తృప్తిగా ఒక నవ్వు నవ్వి పనిలో పడేది. ఆ తినడాన్ని మా అమ్మ చాటుగా పొలం తిండి అని మూతి తిప్పేది. నేను ఇంటి ఆడపడుచుని కాబట్టి నాకు చాటు అక్కర్లేదు, ఎదురుగానే అనేదాన్ని.

నా సంగతి వేరు. పూర్ణా మార్కెట్ దగ్గర మాకు జాకెట్లు కుట్టే టైలరు ఒకసారి టేపు నా చుట్టూ తిప్పి, "పాపగారు కాస్త ఒళ్ళు సేసినారు" అన్నాడు. ఆయన తప్పేం లేదు, కొలత పెరిగిందని చెప్పాడంతే. ఆ ఒక్క మాట పట్టుకుని నేను ఉపవాసాలు మొదలుపెట్టాను. సోమవారం శివుడికి, మంగళవారం ఆంజనేయస్వామికి, శనివారం సింహాద్రి అప్పన్నకి, మధ్యలో ఏకాదశి వస్తే అది కొసరు. ఇంతమంది దేవుళ్ళున్న దేశంలో తిండి మానాలనుకున్న ఆడపిల్లకి వారాలు దొరకవా చెప్పండి! ఏం తినడం లేదేమని అడిగేవాళ్ళు లేరు సరికదా, మా అమ్మాయికి భక్తి ఎక్కువని అమ్మ క్వార్టర్లన్నీ తిరిగి చెప్పుకుంది. చుట్టుపక్కలవాళ్ళు చంటిపిల్లల్ని ఎత్తుకొచ్చి నా చేత బొట్టు పెట్టించుకునేవారు. నేను బొమికల పోగునయ్యేకొద్దీ వాళ్ళకి నా మొహంలో తేజస్సు కనిపించింది.

ఆ కార్తీకంలో సింహాచలం మెట్లెక్కుతూ సగం దారిలో కళ్ళు బైర్లు కమ్మి పడిపోయాను. ఒళ్ళంతా వణుకుతుంటే జనం పూనకమనుకున్నారు. ఎవరో పసుపునీళ్ళు చల్లారు, ఎవరో కర్పూరం వెలిగించి మొహం ముందు తిప్పారు, ఒకావిడైతే వంగి తన కూతురికి సంబంధం ఎప్పుడు కుదురుతుందో చెప్పు తల్లీ అని నన్ను అడిగింది. మా అమ్మ చేతులు జోడించి ఆనందంతో ఏడుస్తోంది. అప్పుడు వెనకనుంచి అందర్నీ తోసుకుని వచ్చింది మా వదిన. "పూనకమూ కాదు, పాడూ కాదు! ఆకలది! ఓలమ్మ, ఈ పిల్ల కడుపులో ఏటీ లేదు!" అని ఆ మెట్ల మీద గొంతు చించుకుని అరిచి, నన్ను భుజాన వేసుకుని కిందికి దిగింది. పదిమందిలో పరువు తీసిందని మా అమ్మ ఆవిడతో చాలా రోజులు సరిగ్గా మాట్లాడలేదు.

పోర్టు దగ్గర ప్రాక్టీసు పెట్టుకున్న ముసలి డాక్టరుగారు నా కళ్ళూ నాలికా చూసి, దీనికి దేవుడితో పని లేదమ్మా, అన్నం పెట్టండి, కొద్దికొద్దిగా పెంచండి, ఇంట్లో ఆరోగ్యంగా తిరిగే మనిషి ఎంత తింటే ఈ పిల్లా అంత తినేదాకా వదలకండి అన్నారు. ఆ జబ్బుకొక పేరుందని ఆ రోజుల్లో మాబోటివాళ్ళకి తెలియదు. కొన్నాళ్ళు జావా పాలూ తాగించాక, మా అమ్మ డాక్టరుగారి మాటని అక్షరాలా పాటించింది. ఆరోగ్యంగా తిరిగే మనిషంటే ఇంట్లో వదినే. మగవాళ్ళ భోజనాలయ్యాక మా ఇద్దరికీ ఎదురెదురుగా పీటలు వేసి, ఆవిడకెన్ని గరిటెలు వడ్డిస్తే నాకూ అన్నే వడ్డించేది.

అన్నం చూస్తే నాకు భయం వేసేది. నవ్వకండి, చీకట్లో పాముని తొక్కినంత భయం. ఆ భయం ఒక్కదానితోనే తగ్గేది, ఎదుటి మనిషి నాకంటే ఎక్కువ తిన్నదని కళ్ళారా చూస్తే. అందుకని సమానంగా వడ్డించిన అన్నంలో సగం తిని, చెయ్యి కంచంలోనే పెట్టుకుని కూర్చునేదాన్ని. నాలుగు రోజుల్లో వదినకి సంగతి అర్థమైంది. ఎవరికీ చెప్పలేదు. "అత్తా, నాకింకో గరిటెయ్యండి" అనేది. ఆ గరిటె ఆవిడ కంచంలో పడ్డాక నా చెయ్యి కదిలేది. మొదట్లో నిజంగా ఆకలుండే వేయించుకుందేమో తెలియదు కానీ, తరవాత తరవాత ఆ ముద్దలు మింగడానికి ఆవిడ మంచినీళ్ళు తాగడం, తిన్నాక పెరట్లో పొట్ట పట్టుకుని అటూ ఇటూ తిరగడం కిటికీలోంచి నేను చూస్తూనే ఉండేదాన్ని. జాలి వేయలేదు. ఆవిడ ఎంత అవస్థ పడితే నాకు అంత హాయిగా ఉండేది. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం.

ఏడాది తిరిగేసరికి నా మొహానికి కళ వచ్చిందన్నారు, ఆవిడకి కొవ్వు పట్టిందన్నారు. రెండూ ఆ గరిటెలోంచే వచ్చాయని తెలిసినవాళ్ళం ఇద్దరమే. కోడలు తినేది చూస్తే కొట్టు కట్టేయాలి అని అమ్మ పక్కింటావిడతో అంటుంటే, అన్నయ్య పేపరు చాటున నవ్వేవాడు. నేను పైకే నవ్వేదాన్ని.

అప్పుడే వదినగారి నాన్న కూతుర్ని చూసిపోదామని వచ్చాడు. పొలంలో పండిన చోళ్ళమూట ఒక భుజాన, అరటిగెల ఒక భుజాన వేసుకుని రైలు దిగి నడిచొచ్చిన మనిషి. మగవాళ్ళ భోజనాలయ్యాక ఆయన వక్కపలుకు నోట్లో వేసుకుని, కూతురు తింటుంటే చూడాలని వంటింటి గుమ్మం పక్కన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఎప్పటిలాగే నా చెయ్యి సగంలో ఆగింది. ఆయన ఉన్నాడని వదిన ఆ పూట ఇంకో గరిటె అడగడానికి మొహమాటపడుతోంది. నాకు లోపల కంగారు మొదలైంది, కంగారులోంచి కసి పుట్టింది.

"మీ అమ్మాయి పుణ్యమే మావయ్యగారూ, నేనిలా కూర్చుని తింటున్నది. ఆవిడ పక్కన ఎవరు తిన్నా ఎంగిలిపడ్డట్టే ఉంటుంది. మీ ఊళ్ళో ఎద్దులక్కూడా ఇంత దాణా పెట్టరేమో!" అన్నాను.

అమ్మ నవ్వింది. కబుర్లకొచ్చిన పక్కింటావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అన్నయ్య కూడా నవ్వాడు. ఆ పెద్దాయన కాసేపు కూతురి కంచంకేసి చూసి, చాలా నెమ్మదిగా, "మా ఇంటికాడ ఇంత తినీది కాదమ్మా" అన్నాడు. దానికి అందరూ ఇంకా గట్టిగా నవ్వారు. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయాడు. వదిన నా కంచంలో మిగిలిన సగం అన్నాన్ని ఒకసారి చూసి, "అత్తా, ఇంకో గరిటెయ్యండి" అంది. వేసింది అమ్మ. నేను మిగిలిందంతా కడిగినట్టు తినేశాను.

ఆ వచ్చే శనివారం నుంచి వదిన ఉపవాసాలు పట్టింది. నా గండం చూసిన ఇల్లే కదా, ఎవరైనా వారించాలి కదా అనుకుంటారు మీరు. నాకైతే ఉపవాసం జబ్బయింది కానీ, ఆవిడకి అది మందన్నారు. ఇన్నాళ్ళకి బుద్ధొచ్చింది, కాస్త తగ్గుతుందిలే అంది అమ్మ. కానీ ఆవిడ గిన్నె చప్పుడు చేసి తనకి వడ్డించుకున్నట్టు వినిపించడం, అడగకుండానే తిన్నానని చెప్పడం, అన్నయ్యకి మాత్రం కొసరి కొసరి వడ్డించడం చూసేసరికి నాకు అర్థం కావడానికి క్షణం పట్టలేదు. నేను నడిచిన దారే అది. అందులో ఎన్ని మెట్లున్నాయో నాకు తెలుసు.

ఎవరికీ చెప్పలేదు సరే, నేను చేసిందింకా ఘోరం. ఎదురుగా కూర్చునే మనిషి తినకపోతే నా లెక్క తప్పిపోయింది, నా భయం తిరిగొచ్చింది. వదిన తినకపోతే నేనూ తిననని అమ్మ దగ్గర గారాలు పోయాను. నీ ఉపవాసాలు నీ ఇష్టం, మధ్యాహ్నం మాత్రం దాని ఎదురుగా కూర్చుని తిను, దాని ప్రాణం తీయకు అని అమ్మ ఆవిడ మీద విరుచుకుపడింది. అప్పట్నుంచి నా కోసం ఆ ఒక్క పూటా తినేది, దానికి శిక్షగా మిగిలిన రోజంతా పచ్చి మంచినీళ్ళతో గడిపేది.

జాలరిపేట నుంచి గంపెత్తుకుని వచ్చే చేపలామె ఒక్కతే అడిగింది. వదినకి కవళ్ళ చేపల పులుసంటే ప్రాణమని ఆవిడకి తెలుసు. "ఏటమ్మా, కోడలమ్మ మనిసి సగమైపోనాది? సేపలు కూడా మానేసినాదేటి? ఒంట్లో బాగోలేదేటి?" అని గుమ్మంలో గంప దించి అడిగింది. లోపల వదిన ఉంది, వింటోంది. మా వదినకి భక్తి ఎక్కువ అని చెప్పి పంపించేశాను.

నాకు గాజువాక సంబంధం కుదిరి పెళ్ళయిపోయింది. అప్పగింతలప్పుడు వదిన నా చేతులు పట్టుకుంటే ఆవిడ గాజులు మోచేతిదాకా జారాయి. నేను వెళ్ళిపోయాక ఆవిడకి ఆ ఒక్క పూట తినాల్సిన పని కూడా లేకపోయింది. రెండుసార్లు కడుపొచ్చి నిలవలేదు. షిఫ్టుల్లో పడి కొట్టుకునే అన్నయ్య కళ్ళు తెరిచి ఆసుపత్రుల చుట్టూ తిప్పడం మొదలుపెట్టేసరికి ఆవిడకి ఆకలనేదే గుర్తు లేదు. కాస్త తేరుకోవడం, మళ్ళీ జారిపోవడం, అలాగే ముసలిదైంది.

కొన్నేళ్ళ కిందట ఆఖరుసారి ఆసుపత్రిలో పెట్టినప్పుడు, గుండె బాగా బలహీనమైపోయింది, ఎవరైనా కావలసినవాళ్ళు ఎదురుగా కూర్చుని తింటే ఈవిడా నాలుగు మెతుకులు తింటుందేమో చూడండి అని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. కవళ్ళ పులుసు నేనే వండి క్యారేజీలో పట్టుకెళ్ళాను. రెండు కంచాలు పెట్టి ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. తిన్నాను. ఇంకో గరిటె వేసుకున్నాను. మరో గరిటె వేసుకున్నాను. ముద్ద దిగక మంచినీళ్ళు తాగాను. వదిన నా కంచంకేసే చూస్తోంది, మొహంలో పాతకాలపు తృప్తి. తన కంచంలో చెయ్యి పెట్టలేదు.

అప్పుడు చెప్పేశాను, అంతా చెప్పేశాను. ఆవిడ అవస్థ కిటికీలోంచి చూసి సంతోషించానని, ఆవిడ నాన్న ముందు కావాలనే ఆ మాట అన్నానని, ఆవిడ జబ్బేమిటో మొదటి శనివారమే పోల్చుకున్నానని ఏడుస్తూ చెప్పాను.

"నానెరగనేటమ్మా," అంది వదిన. "తినీ పిల్లని ఆపుతామేటి?"

మళ్ళీ తనే అంది. "నువ్వు కడుపు నిండా తిన్నావు గదా. సాల్లే. నాను తిన్నట్టే."

ఆ వారమే పోయింది.

ఇప్పుడు రోజులు మారాయి. ఈ ఊళ్ళోనే దీనికి డాక్టర్లున్నారు, మాట్లాడి బాగుచేసేవాళ్ళున్నారు, మా కాలంలో భక్తి అనో పొగరు అనో పిలిచినదానికి ఇప్పుడొక పేరుంది, ఆడపిల్లలు ఆ పేరు సిగ్గుపడకుండా పైకి చెబుతున్నారు. ఇళ్ళలో ఎవరికి కావలసింది వాళ్ళే వడ్డించుకుంటున్నారు, అత్తగారు గరిటె పట్టుకుని కూర్చునే వంటిళ్ళు పోయాయి, పోవడమే మంచిదైంది. మా వదిన ఇప్పటి పిల్లయి ఉంటే బతికేదని అందరూ అంటారు, దీన్ని కనిపెట్టే మనిషి ఆ రోజుల్లో ఒక్కరూ లేకపోయారే అని బాధపడతారు. నేనూ తల ఊపుతాను. ఉంది ఒక మనిషి. రోజూ మధ్యాహ్నం ఆవిడకి ఎదురుగా పీట వేసుకుని కూర్చుని, అంతా కనిపెట్టి, కడుపు నిండా అన్నం తింది.