తొమ్మిది శాతంతో పెద్ద అంబర్‌పేట్ దాటాక

ఆ మధ్యాహ్నం గుర్తొస్తే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతుంది.

కరెంటు కారు కొన్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్‌లో మా కిరాయి ఇంటి ఓనరు ఒకటే మాట అన్నాడు. "పార్కింగ్‌ల వైర్లు గుంజుడు మాత్రం వద్దు సారూ. రేపు మంటలేస్తె ఎవరు జిమ్మేదార్?" నాకు తిక్కరేగింది. నీ వైరు నాకెందుకయ్యా, ఊరి నిండా ఫాస్ట్ ఛార్జర్లున్నాయి పో, అనుకున్నాను. అప్పటినుంచి రోడ్డు మీది ఛార్జర్లనే నమ్ముకుని తిరుగుతున్నాను.

అమ్మ ఊపిరితిత్తులు పాడై ఏడాది దాటింది. ముక్కుకు గొట్టం, పక్కన టిఫిన్ డబ్బా అంత ఆక్సిజన్ మిషన్. దాని సొంత బ్యాటరీ పాతబడి పావుగంట కూడా ఆగదు. అందుకని కారెక్కగానే వెనక సీటు దగ్గరున్న సాకెట్‌కు వైరు పెడతాం. ఆ రోజు నల్లగొండ దగ్గర మా ఊళ్లో చిన్నమ్మ దినాలకు వెళ్లి ఇద్దరమే తిరిగొస్తున్నాం. చిట్యాల దగ్గర ఒక ఛార్జర్ ఖాళీగా కనబడింది. ఆగలేదు. పెద్ద అంబర్‌పేట్‌లో రెండున్నాయని యాప్ పచ్చగా చూపిస్తోంది కదా, అక్కడ పెడదాంలే అని నా అతితెలివి.

తీరా చూస్తే అక్కడ రెండు ఛార్జర్ల తెరలూ నల్లగా ఆరిపోయి ఉన్నాయి. "పొద్దుగాల్లకెల్లి కరెంటు లేదు సార్. ఎల్బీనగర్ పోండ్రి," అన్నాడు వాచ్‌మన్. కారులో మిగిలింది తొమ్మిది శాతం. ముందు నడి ఎండ, హయత్‌నగర్ ట్రాఫిక్. కారు ఆగితే సాకెట్ ఆగుతుంది. సాకెట్ ఆగితే అమ్మకు పావుగంట. ఈ లెక్క వేసుకుంటూనే బండి ఎల్బీనగర్ వైపు పోనిచ్చాను.

"ఏందిరా, గట్ల చెమటలు వడుతున్నయి?" వెనకనుంచి అమ్మ.

"ఏం లేదమ్మా." ఏసీ బంద్ చేశాను. పాటలు బంద్ చేశాను. నా ఫోన్ ఛార్జింగ్ వైరు పీకి పక్క సీట్లోకి విసిరాను. "ఒక్కొక్కటి బంద్ చేస్తె జర మిగులుతది. లేకుంటె నడిరోడ్డు మీద ఆగిపోతం," అని గట్టిగానే గొణుక్కున్నాను. ఉక్కకు తట్టుకోలేక అద్దాలు దించితే లారీల హారన్లు, బస్సుల రొద లోపలికి వచ్చిపడ్డాయి.

హయత్‌నగర్‌లో ఏడు. ఒక బస్సు వెనక ఇరుక్కుని కదిలేసరికి ఆరు. అద్దంలో అమ్మను చూశాను. గొట్టం ముక్కుకే ఉంది, కళ్లు మూసుకుంది. నిద్రపోయింది, మంచిదే అనుకున్నాను. ఆ మాట తలచుకుంటే నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది. పనామా చౌరస్తా దగ్గర నాలుగు. తెర మీద ఎర్రలైటు వెలిగి, ఎంత తొక్కినా బండి లాగడం లేదు. దేవుడా, ఈ ఒక్కసారికి చేర్చు, కర్మన్‌ఘాట్ హనుమంతుడికి ఆకుపూజ చేయిస్తానని మొక్కుకున్నాను.

ఎల్బీనగర్ ఛార్జర్ ముందు గట్టుమీద అయిదు ఒంటి చెప్పులు వరసగా ఉన్నాయి. మా ఊళ్లలో యూరియా కోసం రైతులు పెట్టే లైనే అది. క్యాబ్ డ్రైవర్లు ఇక్కడికీ తెచ్చారు. ఎవరి చెప్పు ముందుంటే వాళ్ల బండి ముందు. అందరూ బండ్లలో కునుకు తీస్తుంటారు. అది చూసి ఎన్నోసార్లు మురిసిపోయినవాణ్ణి, ఆ రోజు మాత్రం కాలితో తన్నేద్దామనిపించింది. తన్నలేదు. ఛార్జింగ్ పెట్టుకున్న డ్రైవర్ దగ్గరికి పరుగెత్తాను.

"అన్నా, మా అమ్మ ఆక్సిజన్ మీద ఉంది. బండి ఆగితె మిషన్ ఆగుతది. దండం పెడతా."

"అరె, గా మాట ముందుగాల చెప్పొద్దా!" అని అతను తన బండికున్న ఛార్జింగ్ వైరు పీకేశాడు. "ఎవలు లొల్లి పెట్టకుండ్రి, పెద్దమ్మ ఉన్నది," అని మిగతావాళ్లకు కేకేసి, చెప్పులన్నీ తనే పక్కకు జరిపాడు.

కారుకు వైరు తగిలించాను. మూడు శాతం నాలుగైంది. హమ్మయ్య అంటూ సీట్లో కూలబడి అద్దాలెత్తాను. కారంతా నిశ్శబ్దం. మిషన్ చేసే బుస్సుబుస్సు చప్పుడు లేదు.

వెనక తలుపు తెరిచి చూస్తే మిషన్ కట్టేసి ఉంది. సాకెట్‌లోంచి పీకిన వైరు చక్కగా చుట్టి ఒళ్లో పెట్టుకుంది అమ్మ. పెదవులు నీలంగా ఉన్నాయి. వేలికి ఆక్సిజన్ చూసే క్లిప్పు పెడితే డెబ్బై ఎనిమిది. వైరు మళ్లీ సాకెట్‌కు పెట్టి బటన్ నొక్కబోతే నా వేళ్లు రెండుసార్లు జారాయి. చివరికి ఆ డ్రైవరే వంగి నొక్కాడు.

"ఎందుకు బంద్ చేసినవమ్మా?" ఏడుస్తూనే అరిచాను.

కాసేపటికి ఆమెకు మాట వచ్చింది. "నువ్వే అంటివి గద బిడ్డా, ఒక్కొక్కటి బంద్ చేస్తె మిగులుతదని. అన్ని నువ్వు బంద్ చేస్తివి. ఇగ నాదొక్కటే ఉండె."

ఆ మిషన్ తాగే కరెంటు కారుకు లెక్కలోకే రాదు. ఆ ముక్క చెప్పడానికి నాకు దారంతా టైముండింది, చెప్పలేదు. వేలి మీది అంకె తొంభైకి చేరేదాకా నేను ఆమె చెయ్యి వదల్లేదు. అమ్మ మాత్రం నా భుజం మీదుగా ముందున్న తెర వైపు చూస్తూ, "ఇప్పుడెంతయింది? ఇల్లు జేరుతమా?" అని అడిగింది.