జెండా ఆయనది, ఈల నాది

సార్ పోయారని ఫోన్ వచ్చినప్పుడు నేను యాప్రాల్‌లో మా స్కూల్ గ్రౌండ్‌లో సున్నంతో గీతలు వేస్తున్నాను. ఎప్పుడు పోయారని అడిగి, ఫోన్ పెట్టేసి, మిగిలిన గీతలు కూడా వేసేశాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఇవాళ్టికీ రాలేదు. రమ్మంటే వచ్చేది కాదు కదా.

మీలో చాలామందికి ఆయన తెలియకపోవచ్చు. ఉద్యోగం రైల్వే షెడ్‌లో, ఇంజన్ల దగ్గర. సెలవు రోజుల్లో ఫుట్‌బాల్ లైన్స్‌మన్. రిఫరీ మైదానం లోపల పరుగెత్తుతుంటే, గీత బయట జెండా పట్టుకుని పరుగెత్తే మనిషి. నేను స్కూల్లో ఆటల టీచరుగా, పీఈటీగా చేరిన కొత్తలో నాకు ఆ పని నేర్పింది ఆయనే. ఆడపిల్లకి ఇదెందుకన్నవాళ్ళతో, "ఆఫ్‌సైడ్‌కు ఆడ, మగ తెలుస్తదా" అన్నారు. జెండా ఇంట్లో తనే ఇస్త్రీ చేసుకునేవారు. ముడతల జెండా ఎత్తితే తీర్పు సుత ముడతలు పడ్డట్టే కనపడ్తదట.

ఆఫ్‌సైడ్ అంటే చెప్పడానికి పెద్దగా ఏం లేదు. ముందుకు బంతి తన్నిన క్షణంలో, దాన్ని అందుకోబోయేవాడు ఎక్కడున్నాడన్నదే చూడాలి. అవతలి జట్టులో చివరి నుంచి రెండోవాణ్ణి దాటి గోల్ వైపు ఉంటే ఆఫ్‌సైడ్. సమానంగా ఉంటే కాదు. చిక్కల్లా ఏమిటంటే, తన్నేవాడు ఒకచోట, అందుకునేవాడు నలభై గజాల అవతల. మనకున్న రెండు కళ్ళూ ఒకేసారి రెండు వైపులా పోవు. అందుకని సార్ నన్ను గీత మీద నిలబెట్టి, ఎదురుగా ఇద్దరు ఆటగాళ్ళని పరుగెత్తించి, తను నా వెనకెక్కడో నిలబడి బంతి తన్నేవారు. నేను వెనక్కి తిరిగితే తిట్లు.

"బంతి దిక్కు చూడకు బిడ్డా. బంతిని చెవులకు ఇడిసిపెట్టు. కండ్లు లైన్ మీదనే ఉంచు. చప్పుడు ఇనపడంగనే ఏం కనపడ్డదో గదే తీర్పు. ఆ తర్వాత ఎవడు యాడికి ఉరికితే నీకేంది."

ఇంజన్ల మోతలో ముప్ఫై ఏళ్ళు నలిగిన చెవులు ఆయనవి. అవి పోతున్నాయని ఎవరికీ చెప్పలేదు. పిలిస్తే పలక్కపోతే పరధ్యానం అనుకున్నాం.

కొన్నేళ్ళకి నేనూ రిఫరీనయ్యాను. ఆ రోజు ఒక టోర్నమెంట్ సెమీఫైనల్. రిఫరీని నేను, లైన్ మీద సార్. ఆఖరి నిమిషాల్లో రాంగోపాల్‌పేట్ జట్టు ఫార్వర్డ్, ఇరవై ఏళ్ళ కుర్రాడు, వెనకనుంచి వచ్చిన బంతి అందుకుని గోల్ కొట్టాడు. సార్ జెండా ఎత్తారు. నేను బంతి తన్నినవాడి పక్కనే ఉన్నాను. తన్నిన చప్పుడు వినపడ్డప్పుడు నా కళ్ళు ఈ కుర్రాడి మీదే ఉన్నాయి. సమానంగానే ఉన్నాడు, స్పష్టంగా చూశాను. చప్పుడు వినపడక సార్, అతను రెండడుగులు దాటాక చూశారు.

లైన్స్‌మన్ జెండా ఎత్తినా ఆఖరి మాట రిఫరీదే. దించమని చెయ్యి ఊపితే అయిపోయేది. కానీ పెద్దవాళ్ళని కాదంటే కళ్ళు పోతాయని వింటూ పెరిగినదాన్ని. అంతమందిలో నాకు నేర్పిన మనిషి జెండా దించమనడానికి చెయ్యి రాలేదు. ఈల ఊదాను. గోల్ పోయింది, మ్యాచ్ పోయింది. ఏదో ఆఫీసు జట్టుకి ఆటగాళ్ళని ఏరుకోవడానికి వచ్చినవాళ్ళు ఆ కుర్రాడి పేరైనా అడక్కుండా లేచి వెళ్ళిపోయారు.

మ్యాచ్ అయ్యాక సార్ నా దగ్గరికి వచ్చారు.

"నువ్వు చూసినవ్ గదా?"

"చూసిన సార్."

"మరెందుకు ఊదినవ్?"

"మీరు జెండా ఎత్తిన్రు గద సార్."

"నా ఇజ్జత్ కోసం ఆ పోరని గోల్ తిన్నవ్. నాకైతే చెవులు పోయినయ్. నీకేం పోయింది?"

అట్నుంచటే ఆ కుర్రాడి దగ్గరికి వెళ్ళి, "తప్పు నాది తమ్మీ. నీది గోలే" అని చెప్పారు. నా పేరు ఎత్తలేదు. మళ్ళీ జెండా పట్టలేదు. తర్వాత మోండా మార్కెట్‌లో ఆ కుర్రాడు ఎదురైతే చాలు, పక్కనున్నవాళ్ళని ఆపి మరీ "వీని గోల్ నేను తిన్న" అని చెప్పేవారట. నాతో మాత్రం ఒక్కసారే అన్నారు. "నా తప్పు నేను చెప్పుకున్న. నీది నువ్వే చెప్పుకోవాలె." ఏళ్ళు గడిచాయి. నేను చెప్పలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. అడిగి తిట్టినా బాగుండేది.

సార్ అంత్యక్రియల రోజు, సమాధుల తోటలో పాస్టర్‌గారి ప్రార్థన అయ్యాక, వరుసగా వెళ్ళి పిడికెడు మట్టి వేస్తున్నారు. నా ముందు ఆ కుర్రాడే. ఇప్పుడు కుర్రాడేం కాదు, ఆటో నడుపుతున్నాడు, కణతల దగ్గర జుట్టు తెల్లబడింది. మట్టి తీసుకుని నావైపు తిరిగాడు. ఏడుస్తున్నాడు.

"ఇగ నాది గోలే అని చెప్పేటోడు ఎవరున్నరు మేడమ్?"

"నేనున్న" అన్నాను. "ఆ రోజు నేను చూసిన. నువ్వు ఆఫ్‌సైడ్ కాదు."

నా గొంతు క్లాసులో హాజరు పిలిచినట్టే ఉంది.

"మీకెప్పుడు తెల్సింది మేడమ్?"

"ఈల ఊదకముందే."

వెనకవాళ్ళు మమ్మల్ని తప్పించుకుని ముందుకు పోతున్నారు. మట్టి ఇంకా అతని పిడికిట్లోనే ఉంది. వేళ్ళ సందుల్లోంచి కొంచెం కొంచెంగా చెప్పుల మీద రాలుతోంది.